ఆరింటి దాకా కదపకండి

2006 జూన్ రెండో వారంలో నన్ను మా సంస్థ ప్రధాన కార్యాలయం నుంచి బెంజ్ సర్కిల్ దగ్గరున్న రైతు సమాచార కేంద్రానికి బదిలీ చేశారు. హోదా సిస్టమ్స్ ఆఫీసర్, గ్రేడ్ టూ. మా లెక్కలో గ్రేడ్ టూ అంటే కంప్యూటరు ఆగిపోతే పిలిచే మనిషి, గ్రేడ్ వన్ అంటే అది ఎందుకు ఆగిందో పైవాళ్లకు ఉత్తరం రాసే మనిషి. నాకప్పటికి పద్దెనిమిదేళ్ల సర్వీసు. గ్రేడ్ వన్ ఫైలు కదులుతోందనీ, ఈ సీజను గొడవ లేకుండా గడిపితే చాలనీ వచ్చేముందు చెప్పి పంపారు.

డెల్టా కాలువల కింద ఉన్న కొన్ని నీటి సంఘాలు కలిసి పెట్టుకున్న సంస్థ మాది. నీళ్లు చాలని రోజుల్లో కాలువ మొత్తానికి ఒకేసారి ఇవ్వరు, వంతులు పెడతారు. కాలువ పై సగానికి నాలుగు రోజులు, కింది సగానికి మూడు రోజులు. పైవాళ్ల వంతులో కిందివాళ్లు నీళ్లు రాకుండా తమ తూము పలక దించుకుని కూర్చోవాలి, కిందివాళ్ల వంతులో పైవాళ్లు కూర్చోవాలి. కాలువలో మట్టాన్నిబట్టి వంతు ఒక పూట పెరగొచ్చు, తగ్గొచ్చు. ఏ పిల్లకాలువకు ఎప్పటిదాకా నీళ్లో రైతుకు చెప్పడమే మా కేంద్రం పని.

ఆ చెప్పే పనిని అంతకు ముందు ఏడు ఒక ప్రోగ్రాముకు అప్పగించారు. కాగితాల్లో దాని పేరు చాట్ బాట్. బల్లమీద ఒక కంప్యూటరు, దానికి తగిలించిన చిన్న మోడెం, అందులో మామూలు సెల్‌ఫోన్‌లో వేసే సిమ్ము. రైతు తన పిల్లకాలువ నంబరు మెసేజ్ పంపితే, ప్రోగ్రాము వంతుల పట్టిక చూసి అర నిమిషంలో జవాబిచ్చేది. ఆనాటి ఫోన్లలో తెలుగు అక్షరాలు ఉండేవి కావు కనుక జవాబు ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగు. ప్రతి జవాబూ ‘నమస్కారమండీ’ అని మొదలయ్యేది.

అంత మర్యాదగా మాట్లాడేది యంత్రమని ఎవరనుకుంటారు? విజయవాడ ఆఫీసులో ఒక అమ్మాయి కూర్చుని తమకు జవాబులు కొడుతోందని రైతులు నమ్మారు. ‘అమ్మాయ్, భోంచేశావా?’ అని ఒకాయన రోజూ మధ్యాహ్నం అడిగేవాడు. ‘మీ కాలువ నంబరు పంపండి’ అని అది రోజూ అదే జవాబిచ్చేది. ఇంకొకాయన కూతురి పెళ్లికి రమ్మని ముహూర్తం తేదీతో సహా పంపితే, ఆ నంబరు కాలువ మా పరిధిలో లేదని బదులిచ్చింది. ఆ మెసేజ్‌లు చదవడం ఆ ఉద్యోగంలో నాకు దొరికిన వినోదం.

దానికొక జబ్బు ఉండేది. ప్రతి మెసేజ్‌కూ కొంత మెమరీ వాడుకుని, పని అయ్యాక తిరిగి ఇచ్చేది కాదు. ఒకటిన్నర రోజు గడిచేసరికి బిగుసుకుపోయేది. మూసి మళ్లీ తెరిస్తే మామూలే. అసలు లోపం సరిదిద్దాల్సిన హైదరాబాదు కాంట్రాక్టరు గడువు ముగిశాక ఫోను ఎత్తడం మానేశాడు. అతనిచ్చిన ప్రోగ్రామును తెరిచి చూసే వీలు మాకు లేదు. కాబట్టి రోజుకోసారి మూసి తెరవడమే వైద్యం.

ఆ వైద్యం చేసేది కేంద్రం ఇన్‌చార్జి వెంకటరత్నం గారు. కాలువ లాకుల దగ్గర నీటి గేట్లు తిప్పుతూ ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరై, కాంట్రాక్టు మీద మా దగ్గర చేరిన మనిషి. సీజన్లో ఆదివారం అని చూడకుండా పటమట నుంచి సైకిలు మీద ఉదయం ఐదూ ముప్పావుకల్లా వచ్చేవారు. లాకుల దగ్గర కాపలా ఉండే లస్కరు ఆరింటికి గేజీ చూసి, అంటే నీటి మట్టం చూసి, ఫోను చేస్తాడు. ఆయన దాన్ని రిజిస్టరులో రాసి, కంప్యూటరులో ఎక్కించి, వంతుల పట్టికలో మార్పు ఉంటే చేసి, అప్పుడు ప్రోగ్రామును మూసి తెరిచేవారు. ‘దాని మొహం కడిగానండీ’ అని నాకు రిపోర్టు చేసేవారు. నేను నవ్వేవాణ్ణి. ముప్ఫై ఏళ్లు లాకులు తిప్పిన చెయ్యి, ఏదో ఒకటి తిప్పకపోతే తోచదు కాబోలు అనుకునేవాణ్ణి.

జూలై చివర్లో ఆయన కంటి ఆపరేషన్‌కు రెండు వారాలు సెలవు పెట్టారు. రోజూ పొద్దున్నే ఆరింటికి వచ్చి కంప్యూటరు తెర మీద ఒక కిటికీ మూసి తెరిచే పని నాకు బొత్తిగా నచ్చలేదు. ఆ పనిని మెషిన్‌కే చెప్పొచ్చు. విండోస్‌లో షెడ్యూల్డ్ టాస్క్స్ అని ఉంటుంది. ఫలానా సమయానికి ఫలానా పని చెయ్యమని అందులో రాసిపెడితే మనిషి లేకుండా అది జరిగిపోతుంది. నాలుగు ఆదేశాలతో ఒక చిన్న ఫైలు రాశాను: నడుస్తున్న ప్రోగ్రామును ఆపు, పది సెకన్లు ఆగు, మళ్లీ తెరువు, ఫలానా సమయానికి తెరిచానని లాగ్ అనే చిట్టాలో ఒక లైను రాయి. మొదటిసారి పని జరగలేదు. టాస్క్‌కు ఇచ్చిన పాస్‌వర్డూ కంప్యూటరు పాస్‌వర్డూ వేరు కావడమే కారణం. అది సరిచేశాక గడియారంలా నడిచింది.

సమయం అర్ధరాత్రి పన్నెండూ ఐదు పెట్టాను. ఎందుకంటే మెసేజ్‌ల చిట్టా చూస్తే ఆ వేళ మెసేజ్‌లు దాదాపు ఉండవు. సిస్టమ్స్ పాఠంలో నేర్పేది కూడా అదే, జనం లేనప్పుడు పని ముగించమని.

సెలవుకు ముందురోజు వెంకటరత్నం గారికి చూపించాను. కళ్లజోడు పైకి కిందికి జరుపుకుంటూ కాసేపు చూశారు.

‘‘బానే ఉందండీ. కానీ ఆరింటి దాకా దాన్ని కదపకండి. గేజీ రాసుకున్నాకే,’’ అన్నారు.

‘‘దానికీ గేజీకీ సంబంధం లేదండీ. పట్టికలో మార్పుంటే పొద్దున నేనొచ్చి వేస్తాగా. ఇది వట్టి మూసి తెరవడమే,’’ అన్నాను.

‘‘మీకు తెలవదా ఏంటి, సరే,’’ అన్నారు ఆయన. ఎందుకు కదపకూడదని నేను అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. పైపెచ్చు, ఆ మాట వెంకటరత్నం గారి ఛాదస్తాల్లో ఒకటని ఇంట్లో మా ఆవిడకు చెప్పి నవ్వాను కూడా.

సెలవు మొదలైన మొదటి గురువారం పదకొండు గంటలకు కేంద్రానికి ఒకామె వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. పాదాల దగ్గర చీర అంచుకు బురద ఎండి ఉంది. పేరు కోటేశ్వరమ్మ అనీ, కాలువ చివర శివారున ఉన్న ఏడో నంబరు పిల్లకాలువ నుంచి రెండు బస్సులు మారి వచ్చాననీ చెప్పింది. కౌలుకు చేస్తుంది. ఆ పిల్లకాలువ కింద తొమ్మిది కుటుంబాలు ఉంటే, తూము పలక ఎత్తే, దించే బాధ్యత ఆమెది.

బల్లమీద నా పేరు చూసి, ‘‘సాయిబు గారూ, జవాబులు కొట్టే అమ్మాయిని ఒక్కసారి పిలవండి. నేనేం తిట్టన్లెండి. ఎందుకు అబద్ధం చెప్పిందో అడుగుదామని,’’ అంది.

కుర్చీ వేసి కూర్చోబెట్టి ఏమైందో అడిగాను. ఆమె లెక్కలో కింది సగం వంతు సోమవారం నుంచి గురువారం తెల్లారేదాకా. శివారుకు నీళ్లు ఆఖర్న ఎక్కుతాయి, పైన అందరి మడులూ తడిశాకే ఏడో నంబరుకు వస్తాయి. అక్కడిది చవుడు నేల. నాలుగు రోజులు తడి లేకపోతే ఉప్పు పైకి తేలి నారు మాడిపోతుంది. ఆ తొమ్మిది కుటుంబాల నారూ తూము పక్కనే ఒకే పొలం చెక్కలో పోశారు. ఆ గురువారం తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు అప్పుడే నారుమడి అంచు తాకుతున్నాయి. వంతు పెరిగిందో తగ్గిందో తెలుసుకుందామని ఆమె ఏడు నొక్కి మెసేజ్ పంపింది. ‘నమస్కారమండీ, ఈ రోజు మీ కాలువకు వంతు లేదు’ అని జవాబొచ్చింది.

‘‘వంతు కోసేశారనుకున్నానండీ. వెంటనే పలక దించేశా. పైఊరోళ్లతో రెండేళ్ల కింద పెద్ద గొడవైంది. ఏడో నంబరు ఒక్క నిమిషం ఎక్కువ వాడుకోదని పదిమందిలో మాటిచ్చింది నేనే. ఆరింటికి మా కాలువ లస్కరొచ్చి, ‘ఇంకా టైముండగా ఎందుకు దించావమ్మా’ అన్నాడు. అప్పటికి పైవాళ్లు ఎత్తేసుకున్నారు. మా రెండు గంటలూ పోయినయ్యి.’’

మళ్లీ నీళ్లు వదిలేది సోమవారం. అవి ఏడో నంబరుకు చేరేసరికి బుధవారం రాత్రి అవుతుంది. అంటే ఆ నారు దాదాపు వారం రోజులు ఎండాలి. నారు పోతే ఆ అదనులో మళ్లీ పోసుకునే వ్యవధి లేదు. తొమ్మిది కుటుంబాలకూ ఆ ఏడు పంట లేనట్టే. ఆమె ఇదంతా గొంతు పెంచకుండా చెప్పింది. అది నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది.

అమ్మాయెవరూ లేరని చెప్పి కంప్యూటరు చూపించాను. ఆమె దాన్నీ, కింద మోడెంనూ, నన్నూ చూసింది.

‘‘ఇదా? దీని మాట వినా నేను పలక దించింది?’’ అంది.

చిట్టా తెరిచాను. 4.10కి ఏడో నంబరు నుంచి ప్రశ్న, అదే నిమిషంలో జవాబు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. పట్టిక చూశాను. పట్టికలో తప్పు లేదు, కింది సగం వంతు బుధవారంతో ముగుస్తుందనీ, గురువారం పై సగానిదనీ స్పష్టంగా ఉంది. పట్టిక ఒప్పు, ప్రోగ్రాము ఒప్పు, ఆమె ఒప్పు. తప్పెక్కడుందో నాకు తెలియలేదు. మా నాన్న వన్ టౌన్‌లో గడియారాలు బాగుచేసేవారు. ఆగిన గడియారాన్ని ఊపి నడిపించి ఇచ్చే పనివాడంటే ఆయనకు మహా చిరాకు, ఎందుకు ఆగిందో ముందు చూడమనేవారు. ఆ మాట గుర్తొచ్చి మరీ సిగ్గేసింది. ఆమెకు టీ తెప్పించి, గంటలో వస్తానని చెప్పి పటమట వెళ్లాను.

వెంకటరత్నం గారు నల్లకళ్లద్దాలతో వరండాలో కూర్చుని ఉన్నారు. జరిగింది విని, ‘‘ప్రోగ్రాము మీరు ఎన్నింటికి తెరిపించారండీ?’’ అని మాత్రం అడిగారు. చెప్పాను.

‘‘ఇంకేముందండీ. కాలువకి రోజు ఆరింటికి మొదలయ్యుద్ది. పొద్దున ఆరు నుంచి మర్నాడు ఆరు దాకా ఒక తేదీ. లాకుల దగ్గర గేజీ పడితేనే తారీఖు మారుద్ది. బుధవారమంటే గురువారం పొద్దున ఆరింటి దాకా బుధవారమే.’’

‘‘ఈ సంగతి నాకు చెప్పలేదేం?’’

‘‘చెప్పాలని తట్టలేదండీ. ముప్ఫై ఏళ్లల్లో ఎవురూ అడగలా.’’

అప్పుడు అర్థమైంది. ఆ ప్రోగ్రాము తేదీని తెరిచినప్పుడు ఒక్కసారే చూసేది, మళ్లీ మూసి తెరిచేదాకా అదే తేదీ పట్టుకుని కూర్చునేది. రాసినవాడి బద్ధకం అది. వెంకటరత్నం గారు రోజూ ఆరు దాటాక తెరిచేవారు కనుక దాని తేదీ ఆరింటి నుంచి ఆరింటి దాకా నడిచేది, కాలువ రోజుతో సరిపోయేది. ప్రోగ్రాము ఏం చూస్తుందో ఆయనకు తెలియదు, కాలువ రోజు ఎప్పుడు మారుతుందో ప్రోగ్రాముకు తెలియదు. ఆయన అలవాటు ఆ రెంటినీ కలిపి ఉంచింది. ఆ అలవాటును తీసేసింది నేను.

నన్ను ఎక్కువగా బాధించింది ఇంకొకటి. మా ఇంట్లో కొత్త తేదీ సూర్యాస్తమయంతో మొదలవుతుంది. నెలవంక కనిపించిన సాయంత్రమే రంజాన్ వచ్చేస్తుంది, తెల్లారేదాకా ఆగదు. పక్కింటివాళ్ల తిథి ఏ మిట్టమధ్యాహ్నమో మారుతుంది. రోజు అందరికీ అర్ధరాత్రే మారదని పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి. కంప్యూటరు ముందు కూర్చోగానే ఆ సంగతి ఎలా మరిచిపోయానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

తిరిగొచ్చేసరికి కోటేశ్వరమ్మ గారు అదే కుర్చీలో ఉంది. టీ తాగలేదు. తప్పు మాదేనని చెప్పాను.

‘‘తప్పు మీదని నాకు చెప్తే ఏం లాభమండీ? పైఊరోళ్లకి చెప్పండి. మా రెండు గంటలు మాకిప్పించండి. నా మాట వాళ్లు నమ్మరు, కాయితం కావాలి,’’ అంది.

ఒకరి వంతులోంచి ఇంకొకరికి గంటలు మళ్లించే అధికారం ఆ కాలువ సెక్షన్ అధికారిది. ఫోన్లో ఆయన చెప్పింది ఒకటే: కేంద్రం రాతపూర్వకంగా తప్పు ఒప్పుకుంటే, పై గ్రామం సంఘాన్ని ఒప్పించి శుక్రవారం తెల్లవారుజామున రెండు గంటలు ఇప్పిస్తానన్నారు. నేను ప్రధాన కార్యాలయానికి ఫోను చేసి మా డిప్యూటీ మేనేజరు గారిని అడిగాను. ‘సాంకేతిక లోపం’ అని రాసి పంపమన్నారు. మనిషి పేరు రాయొద్దని, నా ఫైలు సంగతి గుర్తుంచుకోమని కూడా అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు.

అలాగే రాసి ఫ్యాక్స్ చేశాను. గంటలో సెక్షన్ అధికారి నుంచి ఫోను వచ్చింది. పై గ్రామం వాళ్లు ఒప్పుకోలేదట. సాంకేతిక లోపమంటే ఏమిటని అడిగారట. శివారు వాళ్లు రెండు గంటలు అదనంగా గుంజడానికి ఆఫీసు వాళ్ల చేత రాయించుకున్న మాటగా అది వాళ్లకు వినిపించిందట. ఆ మాటలు కోటేశ్వరమ్మ గారి ఎదురుగానే విన్నాను. ఆమె ‘‘ఐదింటికి నా బస్సండీ,’’ అని లేచి నిలబడింది.

అప్పటికి నాలుగైంది. ఇంకో కాగితం తీసుకున్నాను. చాట్ బాట్‌ను అర్ధరాత్రి పన్నెండూ ఐదుకు తిరిగి తెరిచే ఏర్పాటు చేసింది నేనని, ఆరింటి దాకా కదపవద్దని ఇన్‌చార్జి చెప్పినా వినలేదని, అందువల్ల బుధవారం వంతు ముగియకముందే ముగిసిందని తప్పుడు జవాబు వెళ్లిందని, ఏడో నంబరువారు ఆ జవాబును గౌరవించి పలక దించారని రాశాను. కింద నా పేరు, హోదా రాసి, సంతకం పెట్టాను. చిట్టాలోని ఆ రెండు లైన్లు ప్రింటు తీసి జతచేశాను. ఒక కాపీ ఫ్యాక్స్‌లో పంపి, అసలు కాగితం ఆమె చేతికిచ్చాను. ఆమె కూడబలుక్కుని మొత్తం చదివింది. ‘గౌరవించి’ అన్న మాట దగ్గర ఒకసారి ఆగింది. మడిచి జాకెట్టులో పెట్టుకుని వెళ్లింది.

ఆ సాయంత్రం పై గ్రామం వాళ్లు ఆ కాగితాన్ని సంఘం అరుగు మీద పైకి చదివించుకున్నారని తర్వాత తెలిసింది. రెండు గంటలు ఇవ్వడానికి ఒప్పుకున్నారు, కానీ తమ మడులు ముందు తడిశాకే అన్నారు. నీళ్లు శుక్రవారం రాలేదు, శనివారం తెల్లవారుజామున వచ్చాయి. అప్పటికి ఉప్పు కొంత తేలింది. ఆరు కుటుంబాల నారు నిలిచింది. మూడు కుటుంబాలది ముందుగా ఆరిపోయే అంచుల్లో ఉండి, నీళ్లు రాకముందే మాడిపోయింది. ఆ మూడింటిలో ఒకటి కోటేశ్వరమ్మ గారిది. నారుమడిలో అంచు ఆమే కోరి తీసుకుందట, తూము చూసుకోవడానికి దగ్గరని. మిగిలినవాళ్లు తలా కాస్త నారు ఇస్తే సగం పొలం నాటుకుంది, సగం బీడు పెట్టింది.

నాకు మెమో వచ్చింది. గ్రేడ్ వన్ రెండేళ్లు వెనక్కి పోయింది. అన్యాయమని నేననుకోలేదు, పోయిన నారుతో పోలిస్తే అదెంత.

టాస్క్ సమయం ఆరూ పదికి మార్చాను. తెరిచేముందు ఆ రోజు గేజీ కంప్యూటరులో నమోదైందో లేదో చూడమని, కాకపోతే పది నిమిషాలాగి మళ్లీ చూడమని ఆదేశాల ఫైలుకు ఇంకో రెండు లైన్లు కలిపాను. పట్టికలో ‘వంతు ఉంది’ అని ఊరుకోకుండా ‘గురువారం ఉదయం 6 దాకా’ అని గంటతో సహా రాయించాను. జవాబు కూడా అలాగే వెళ్లేది. వెంకటరత్నం గారు సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు మామూలుగానే ఐదూ ముప్పావుకు వచ్చి కూర్చున్నారు. ఆరూ పదికి కిటికీ తనంతట తాను మూసుకుని తెరుచుకుంటే చూసి, ‘‘మొహం కడుక్కోటం నేర్చుకుందండీ,’’ అన్నారు. ఆయన ఆరింటికి రావడం మాత్రం మానలేదు. నేనూ మానమని చెప్పలేదు. ఆ సీజనూ, ఆ తర్వాతి సీజనూ నేనూ ఆయనతోపాటు ఆరింటికి వచ్చి, లాకులు, గేజీలు, వంతులు ఎలా నడుస్తాయో అడిగి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

షెడ్యూల్డ్ టాస్క్స్‌లో ప్రతి పనికీ వ్యాఖ్య రాసుకునే ఒక గడి ఉంటుంది. అంతవరకూ నేను దాన్ని ఖాళీగా వదిలేవాణ్ణి. ఆ తర్వాత రిటైరయ్యేదాకా పెట్టిన ప్రతి టాస్క్‌లోనూ ఆ గడిలో, ఆ పని అంతకు ముందు ఏ మనిషి చేసేవారో, ఆ వేళకే ఎందుకు చేసేవారో రాశాను. కారణం తెలియకపోతే తెలిసేదాకా ఆ పనిని మెషిన్‌కు అప్పగించలేదు.

కోటేశ్వరమ్మ గారు మరుసటి ఏడూ అదే కౌలు చేసింది. వంతు మారే రోజుల్లో ఏడు నొక్కి మెసేజ్ పంపేది, జవాబు అందుకునేది, ఆరింటికి కేంద్రానికి ఫోను చేసేది. ‘‘ఆ అమ్మాయి ఆరింటి దాకా అంటంది. మీరూ చెప్పండి సాయిబు గారూ,’’ అనేది. గేజీ రిజిస్టరు చూసి చెప్పేవాణ్ణి. నేను చెప్పాకే ఆమె పలక దించేది.